గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే కిందివాళ్లం భయపడాలా? ఖాళీగా ఉంచితే సరిపోదా?

లంగర్‌హౌజ్ వాసి

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మూసీ, ఈసీ నదులు కలిసే బాపూఘాట్‌కు దగ్గర్లో, గండిపేట (ఉస్మాన్‌సాగర్), హిమాయత్‌సాగర్ జలాశయాలకు కింద ఉన్న ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫున అడుగుతున్నా. ఏటా వానాకాలంలో "హిమాయత్‌సాగర్ ఇన్ని గేట్లు ఎత్తారు, ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారు" అని వాట్సాప్‌లో మెసేజీలు వస్తాయి. ఆ అంకె పెద్దదో చిన్నదో ఎవరికీ తెలియదు. సగంమంది కార్లు తీసుకుని బయల్దేరతారు, మిగతావాళ్లు నిద్రపోతారు.

తెలిసినవాళ్లు చెప్పండి.

గేట్లు ఎత్తారంటే డ్యామ్‌కే ప్రమాదం వచ్చిందనా? నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కదా, ఈ రెండింటినీ వరద ఆపడానికే ఖాళీగా ఉంచొచ్చు కదా? వందేళ్ల కట్టడాలు కదా, అసలు ఎక్కడ దెబ్బతింటాయి? బయటివాళ్లకు కనిపించే గుర్తులు ఏమైనా ఉంటాయా?

క్యూసెక్కుల లెక్క

ముందు మొదటి ప్రశ్న. గేట్లు ఎత్తడం డ్యామ్ తన పని తాను చేస్తోందనడానికి గుర్తు. నిండుగా ఉండి, పైనుంచి వరద వస్తున్నా గేటు లేవకపోతే అప్పుడు భయపడాలి.

అంకెల సంగతికొస్తే నాలుగు గుర్తుపెట్టుకోండి. గండిపేట పూర్తిమట్టం 1790 అడుగులు, నిల్వ 3.9 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), 15 గేట్లు. హిమాయత్‌సాగర్ పూర్తిమట్టం 1763.5 అడుగులు, నిల్వ 2.97 టీఎంసీలు, 17 గేట్లు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ.

ఎప్పుడూ హిమాయత్‌సాగర్ గేట్లే ముందు ఎందుకు లేస్తాయని చాలామంది అడుగుతారు. కారణం పరీవాహకం. గండిపేటకు నీళ్లిచ్చే ప్రాంతం సుమారు 740 చదరపు కిలోమీటర్లు, హిమాయత్‌సాగర్‌కు సుమారు 1,300. ఆ 1,300 చదరపు కిలోమీటర్ల మీద పడ్డ వానలో ఇంకగా మిగిలి పారే నీరు ఒక్క సెంటీమీటరు అనుకుంటే, అది 0.46 టీఎంసీ. అంటే ఆరున్నర సెంటీమీటర్ల పారుడుకే ఖాళీ హిమాయత్‌సాగర్ నిండిపోతుంది. గండిపేట నిండాలంటే దాదాపు 15 సెంటీమీటర్ల పారుడు రావాలి. పెద్ద నీళ్లొచ్చేది చిన్న గిన్నెలోకి, అదీ సంగతి.

ఇక వాట్సాప్ మెసేజీ. "రెండు గేట్లు ఎత్తారు" అన్నది సగం సమాచారమే, ఎన్ని అడుగులు అన్నది ముఖ్యం. హిమాయత్‌సాగర్‌లో పూర్తిమట్టం దగ్గర ఒక గేటు ఒక అడుగు ఎత్తితే బయటికొచ్చేది సుమారు 340 క్యూసెక్కులు. గండిపేటలో గేటుకు వందకు కాస్త అటూఇటూ. మూసీ లాంటి నదికి ఇవి పెద్ద లెక్కలోవి కావు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీస్ రోడ్డు మునగొచ్చు, బస్తీలు మునగవు. అదే రెండింటి నుంచీ కలిపి పది వేలు దాటి ఇంకా పెరుగుతోందంటే ఒడ్డున ఉన్నవాళ్లు కదలాలి. 2025 సెప్టెంబర్ 26 రాత్రి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చినప్పుడు వదిలింది ముప్పై వేలు దాటింది.

మెసేజీలో చూడాల్సింది నీటిమట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో, మూడూ ఒకే టైముకు సంబంధించినవై ఉండాలి. ఇన్‌ఫ్లో అవుట్‌ఫ్లో కంటే ఎక్కువగా ఉండి మట్టం పూర్తిమట్టానికి అర అడుగు దూరంలో ఉందా, ఇంకో రెండు గేట్లు లేస్తాయని మీరే చెప్పేయొచ్చు.

మత్తడి

రెండో ప్రశ్న ఇక్కడ చాలాసార్లు వస్తుంది, ప్రతిసారీ "ఖాళీగా ఉంచండి", "నిండుగా ఉంచండి" అని రెండు వర్గాలు కొట్టుకుంటాయి. రెండూ నిజమే, అందుకే తెగదు.

1908 సెప్టెంబర్ 28 వరద తర్వాత పుట్టిన డ్యాములివి. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన పడింది. నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్కలో ఒక విషయం జనం మర్చిపోయారు. మూసీ పరీవాహకంలో అప్పుడు 788 చెరువులుంటే 221 తెగాయి, అందులో 182 ఈసీ వైపువి. వానకు తోడు ఒక చెరువు తెగి కింది చెరువును, అది ఇంకో చెరువును తెంపుకుంటూ వచ్చింది. దానికి ఆయన చెప్పిన మందు, నగరానికి పైన రెండు నదుల మీదా జలాశయాలు కట్టి వరదను అక్కడే కాసేపు పట్టి ఉంచడం. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. తాగునీరు ఆ తర్వాతి లాభం. గండిపేట నీళ్లు కరెంటు అవసరం లేకుండా కాలువ వెంట వాలుకు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా పోతాయి. హిమాయత్‌సాగర్ నీళ్లు మీర్ఆలం వైపు.

వరద ఆపాలంటే జాగా ఖాళీగా ఉండాలి. తాగునీటికైతే నిండుగా ఉండాలి. ఒకే గిన్నె రెండు పనులు ఒకేసారి చేయలేదు. అసలు పనంతా ఎంత ఖాళీ, ఎప్పుడు అన్న దాంట్లోనే ఉంది.

అంకెలతో చూద్దాం. హిమాయత్‌సాగర్‌లో అర టీఎంసీ ఖాళీ ఉంచారనుకోండి. పైన గట్టి వాన పడి రోజులో 5 సెంటీమీటర్ల పారుడు వస్తే, అది 2.3 టీఎంసీలు, సగటున 26,500 క్యూసెక్కులు. అర టీఎంసీ ఖాళీ అయిదు గంటల్లో నిండిపోతుంది. అంతేనా అనకండి. ఆ అయిదు గంటలూ రాత్రి రెండు నుంచి పొద్దున ఏడు దాకా అయితే చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ జనాన్ని ఖాళీ చేయించడానికి దొరికే టైము అదే.

ఆ అర టీఎంసీని ముందే ఖాళీ చేయాలంటే? మూడు వేల క్యూసెక్కులతో వదిలితే రెండు రోజులు, ఆరు వేలతో ఒక రోజు. కాబట్టి వాన వచ్చాక ఖాళీ చేయడమన్నది ఉండదు. వాతావరణ శాఖ హెచ్చరికను నమ్మి, ఎండ కాస్తుండగానే గేట్లు ఎత్తే ధైర్యం కావాలి. వాన రాకపోతే "నీళ్లన్నీ మూసీపాలు చేశారు" అని తిట్లు తప్పవు. అర టీఎంసీ అంటే దాదాపు 1,400 కోట్ల లీటర్లు. రోజుకు 40 మిలియన్ గ్యాలన్ల చొప్పున వాడుకుంటే, ఆవిరి పక్కనపెడితే, రెండున్నర నెలల నీళ్లు. తిట్టేవాళ్ల బాధా అర్థం చేసుకోదగ్గదే.

నా లెక్కలో జూన్ నుంచి సెప్టెంబర్ చివరి దాకా కొంత ఖాళీ, అక్టోబర్ రెండో సగం నుంచి నింపుకోవడం సరైన పద్ధతి. కానీ 2020లో అక్టోబర్ 13నే కుండపోత వచ్చిందిగా, క్యాలెండర్‌ను పూర్తిగా నమ్మడానికీ లేదు.

మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి ఈ రెండింట్లో నింపే పథకం వస్తే ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి. ఇప్పుడు ఎండాకాలం చివరికి మట్టం దానంతటదే తగ్గి, తొలివానలకు జాగా దొరుకుతోంది. బయటి నీళ్లతో మే నెలలో కూడా నిండుగా ఉంచితే ఆ జాగా పోతుంది.

హుస్సేనీఆలం

@మత్తడి గారూ, బాగా చెప్పారు. ఒక్కటి కలపాలి. నగరంలో వచ్చే ప్రతి మునకకూ ఈ రెండు డ్యాములనే అనడం తప్పు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజే 24 సెంటీమీటర్లు పడింది. అది నగరం నెత్తిన పడ్డ వాన, కూకట్‌పల్లి నాలా, హుస్సేన్‌సాగర్ వైపు కథ. గండిపేట పూర్తిగా ఖాళీగా ఉన్నా దాన్ని ఆపేది కాదు. డ్యాముకు కింద పడ్డ వానను డ్యాము పట్టదు.

ఇంకోటి, "కృష్ణా, గోదావరి ఉన్నాయి కదా" అన్నదానికి. నాగార్జునసాగర్ నిండితే నీటిమట్టం 590 అడుగులు. హైదరాబాద్ దానికంటే వెయ్యి అడుగుల పైచిలుకు ఎత్తులో ఉంది. వంద కిలోమీటర్ల పైగా పైపులు, మెట్టుమెట్టుకూ పంపులు. ఒక పంపింగ్ స్టేషన్‌లో కరెంటు పోయినా, పైపు పగిలినా సగం నగరానికి రెండు రోజులు నీళ్లుండవు. గండిపేట నీళ్లకు మోటారు అక్కర్లేదు. అంకెలో చిన్నదే, ఆపదలో పెద్దది.

రాతికట్ట మట్టికట్ట

మూడో ప్రశ్నకు నేను చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

ఇలాంటి పాత డ్యాముల్లో రాతి కట్టడం, మట్టికట్ట రెండూ ఉంటాయి. రెండూ దెబ్బతినే తీరు వేరు.

రాతి కట్టడాన్ని నిలబెట్టేది దాని బరువు. నీళ్లు ముందునుంచి నెట్టడమే కాదు, పునాది కింద దూరి పైకి ఎత్తుతాయి కూడా. ఆ ఎత్తే ఒత్తిడి తగ్గడానికి డ్రెయిన్ రంధ్రాలు పెడతారు. అవి సున్నంతో పూడుకుపోతే బయటికి ఏమీ కనిపించదు, లోపల బరువు తగ్గినట్టే లెక్క. "ఊట ఆగిపోయింది, బాగుంది" అనుకుంటే పొరపాటు. డ్రెయిన్‌లో వచ్చే నీళ్లు హఠాత్తుగా తగ్గాయంటే ముందు అది మూసుకుపోయిందేమోనని చూడాలి. ఇంకోటి గార. ఆ కాలం రాతి పనుల్లో సిమెంటు కాదు, డంగుసున్నం. దశాబ్దాలుగా ఊరే నీళ్లు సున్నాన్ని కరిగించి బయటికి తెస్తాయి. కింది ముఖం మీద తెల్లటి చారలు కనిపిస్తాయే, అవి అదే. చారలుంటే రేపే కూలుతుందని కాదు. ఎంత సున్నం పోయిందో అంత ఖాళీ లోపల ఏర్పడిందని. వైద్యం తెలిసిందే, నీళ్లవైపు ముఖానికి సందులు గీకి మళ్లీ గార పట్టించడం, పైనుంచి రంధ్రాలు వేసి సిమెంటు పాలు ఎక్కించడం. ఇక్కడ జనం చేసే తప్పు ఒకటుంది. కింది ముఖానికి అందంగా ప్లాస్టరింగ్ చేస్తారు. నీళ్లు బయటికి పోయే దారి మూసి లోపలే ఒత్తిడి పెంచడమది.

మట్టికట్టకు శత్రువులు రెండు. పైనుంచి పొర్లడం, లోపలినుంచి బుంగ పడటం.

రాతి కట్టడం మీదుగా కాసేపు నీళ్లు పొర్లినా తట్టుకోవచ్చు, మట్టికట్ట తట్టుకోదు. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టులో జరిగింది ఇదే. పైన పింఛా ప్రాజెక్టు దగ్గర రింగ్‌బండ్ (చుట్టుకట్ట) తెగింది, ఆ నీళ్లూ వరదా కలిసి గేట్ల నుంచి పోయేదానికంటే ఎక్కువ వచ్చాయి, కట్ట మీదుగా పొర్లి మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్లు దెబ్బతిన్నాయి. 1908లో చెరువుల వరస తెగినట్టే, పైన తెగింది కిందిదాన్ని తెంపింది.

బుంగ ఇంకా దొంగది. ఎలుక బొరియ, చెదపుట్ట, ఎండిపోయిన చెట్టు వేరు వదిలిన సందు, తూము గోడకూ మట్టికీ మధ్య సరిగా దిమ్మిస చేయని చోటు, వీటిలో ఏదో ఒకదాని వెంట నీళ్లు దారి చేసుకుంటాయి. రోజుకు కాస్త మట్టి తీసుకుపోతాయి. దారి పెద్దదయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది, వేగం పెరిగేకొద్దీ మట్టి ఎక్కువ పోతుంది. చివరి కొన్ని గంటల్లో గండి.

బయటివాళ్లకు కనిపించే గుర్తు ఒక్కటి చెప్పమంటే, ఊట నీటి రంగు. మట్టికట్టకు ఊట మామూలే, ఊట లేని కట్ట ఉండదు. తేటగా, రోజూ ఒకేలా వస్తే ఫరవాలేదు. ఒక గాజు గ్లాసులో పట్టి పది నిమిషాలు కదపకుండా పెట్టండి. అడుగున సన్నని మట్టి పేరుకుందా, కట్ట లోపలినుంచి పోతోందని అర్థం. అప్పుడు ఫోటో తీసి గ్రూపులో పెట్టడం కాదు, డ్యామ్ సిబ్బందికి, అందకపోతే 112కు చెప్పాలి.

లంగర్‌హౌజ్ వాసి

అన్నా, చాలా థాంక్స్. గ్లాసు సంగతి మా గ్రూపులో పెట్టేశా. ఒక డౌటు. బుంగ కనిపిస్తే ఇసుక బస్తాలు వేసి మూసేస్తారని టీవీలో చూపిస్తారు కదా, ఊట పెరిగిందా తగ్గిందా అన్నది మాత్రం కంటితో చూసి ఎలా చెప్తారు?

రాతికట్ట మట్టికట్ట

కంటితో చెప్పకూడదు తమ్ముడూ. కట్ట అడుగున ఊట నీళ్లన్నీ ఒక కాలువలోకి చేర్చి, దానికి అడ్డంగా వి ఆకారంలో గాటు పెట్టిన రేకు బిగిస్తారు. 90 డిగ్రీల గాటు అయితే, గాటు అడుగునుంచి నీళ్లు 5 సెంటీమీటర్ల ఎత్తున పారితే సెకనుకు 0.77 లీటరు. 7 సెంటీమీటర్లయితే 1.8 లీటర్లు. 10 అయితే 4.4. చూశారా, రెండు సెంటీమీటర్లు పెరిగితే ఊట రెట్టింపు కంటే ఎక్కువైంది. కంటికి ఆ తేడా ఆనదు. స్కేలు రేకు దగ్గర కాకుండా, దానికి కొంచెం వెనక, నీళ్లు ఇంకా కిందికి వంగని చోట పెట్టాలి. లేకపోతే తక్కువ చూపిస్తుంది. రోజూ ఒకే టైముకు తీసి, పక్కనే జలాశయం మట్టమూ వానా రాయాలి. మట్టం పెరిగినప్పుడు ఊట పెరగడం సహజం. మట్టం మారకుండా, వాన లేకుండా ఊట పెరిగిందంటే పరుగెత్తాలి.

ఇక బస్తాలు. బస్తాలు వేసి బయటి నోరు మూయడం అన్నిటికంటే పెద్ద తప్పు. నీళ్లు ఇంకో చోట నోరు తెరుస్తాయి. చేయాల్సింది నీళ్లను పోనిచ్చి మట్టిని ఆపడం. ముందు బుంగ మీద కడిగిన ముతక ఇసుక ఒక అడుగు మందాన, దాని మీద చిప్స్ (సన్న కంకర), ఆ పైన 40 ఎం.ఎం. కంకర. ఇదే వరస. కంకర ముందు వేస్తే మట్టి దాని సందుల్లోంచి పోతూనే ఉంటుంది. ఉధృతికి ఇసుక నిలవకపోతే ముందు కొంచెం కంకర వేసి జోరు తగ్గించి, తర్వాత ఇసుకతో మొదలుపెట్టాలి. బస్తాల పని చుట్టూ బావి గట్టులా పేర్చి నీళ్లు రెండు మూడు అడుగులు నిలిచేలా చేయడం. బయట నీళ్లు నిలిస్తే లోపలినుంచి వచ్చే జోరు తగ్గుతుంది. తేటనీరు రావడం మొదలైతే గెలిచినట్టే, గట్టు ఇంకా ఎత్తు పెంచకండి.

ఇవన్నీ అప్పటికప్పుడు దొరకవు. అందుకే వానాకాలం ముందే కట్ట మీద ఇసుక, చిప్స్, కంకర గుట్టలు పోసి, ఖాళీ బస్తాలు, టార్చిలైట్లు ఉంచుకోవాలి.

జలాశయం మట్టం కూడా తగ్గించాలి, కానీ గబగబా కాదు. తడిసి బరువెక్కిన కట్టకు లోపలివైపు నీళ్ల ఆసరా ఒక్కసారి పోతే ఆ వాలు జారుతుంది.

చెట్ల గురించి ఒక్క మాట. కట్ట మీద సర్కారు తుమ్మ, రావి మొక్కలు వేలెడు లావున్నప్పుడే పీకేయాలి. మాను అయ్యాక నరికి వదిలేస్తే వేరు కుళ్లి గొట్టంలా మారుతుంది. అది నరకకపోవడం కంటే హీనం.

లష్కర్

గేట్ల గురించి ఎవరూ రాయలేదు. కట్ట ఎంత గట్టిగా ఉన్నా గేటు మొరాయిస్తే అంతే.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో 19వ గేటు చైను తెగి గేటే కొట్టుకుపోయింది. మిగతా గేట్లు కూడా ఎత్తి నీళ్లు వదిలి, పారుతున్న నీళ్లలోనే స్టాప్‌లాగ్ ఎలిమెంట్లు (గేటు జాగాలో అడ్డంగా దించే ఉక్కు పలకలు) ఒక్కొక్కటే దించి వారంలో ఆపగలిగారు. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు పోయింది. రెండూ నిండుగా ఉన్నప్పుడే. గేటుకు పరీక్ష అప్పుడే కదా.

మే నెలలో చేయాల్సినవి: ప్రతి గేటునూ పూర్తిగా పైకెత్తి దించడం, ఊరికే ఆరంగుళాలు ఎత్తి "పనిచేస్తోంది" అని రాసుకోవడం కాదు. తాళ్లు, చైన్లు తుడిచి చూడాలి. గ్రీజు పాత దాని మీద పూస్తే కింద తుప్పు దాక్కుంటుంది, కిరోసిన్‌తో కడిగి పూయాలి. తీగతాడు డ్రమ్ము దగ్గరా, గేటుకు కట్టిన దగ్గరా ముందు తెగుతుంది, మధ్యలో కాదు. పక్క రబ్బరు సీళ్లు గట్టిపడితే మార్చాలి. జనరేటరును లోడు మీద అరగంట నడపాలి, లోడు లేకుండా స్టార్ట్ చేసి ఆపితే ఏమీ తెలియదు. వరద రాత్రి కరెంటు ఉండదని అనుకునే సిద్ధపడాలి. చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంటుంది, కానీ దాంతో గేట్లన్నీ ఎత్తేలోపు తెల్లారుతుంది.

గేట్లు ఎత్తే వరస కూడా ఇష్టం వచ్చినట్టు ఉండదు. మధ్యవి ముందు, తర్వాత అటొకటి ఇటొకటి, ఒక్కోటి కొంచెం కొంచెం. ఒక పక్కవే ఎత్తితే నీళ్లు కింద సుడి తిరిగి ఒడ్డునూ, పునాది ముందునూ తవ్వేస్తాయి. ఎత్తే ముందు సైరన్. కింద చేపలు పట్టేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు ఉంటారు.

మత్తడి

@లష్కర్ అన్నా, సూపర్. చట్టం గురించి కూడా చెప్పేస్తా. డ్యామ్ సేఫ్టీ యాక్ట్ 2021 ప్రకారం 15 మీటర్ల కంటే ఎత్తైన డ్యాములన్నిటికీ వానాకాలం ముందు, తర్వాత తనిఖీ తప్పనిసరి. డ్యామ్ తెగితే ఎక్కడిదాకా మునుగుతుంది, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి అన్న అత్యవసర ప్రణాళికా ఉండాలి. మీ అసోసియేషన్ సమాచార హక్కు కింద ఆ తనిఖీ నివేదికలు, మీ ప్రాంతపు మునక మ్యాపు అడగండి. "డ్యామ్ సురక్షితమేనా?" అని అడిగితే "సురక్షితమే" అని ఒక్క ముక్క వస్తుంది. "గత వర్షాకాలం ముందు తనిఖీలో రాసిన లోపాలు, వాటిలో సరిచేసినవి, తేదీలతో" అని అడగండి.

ఎగువ సంగతి కూడా. 1996లో జీఓ 111 తెచ్చి 84 ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది ఈ రెండు జలాశయాల కోసమే. 2022లో జీఓ 69తో వాటిని సడలించారు. పొలంలో పడ్డ వాన చాలావరకు ఇంకి, మిగిలింది నిదానంగా వస్తుంది. కాంక్రీటు మీద పడ్డది మొత్తం వస్తుంది, అదీ గంటల్లో. పైన నేను చెప్పిన అయిదు గంటలు పరీవాహకం ఇలాగే ఉంటేనే. అక్కడ కాలనీలు లేస్తే ఆ అయిదు మూడవుతాయి.

క్యూసెక్కుల లెక్క

@లంగర్‌హౌజ్ వాసి, చివరగా మీ బిల్డింగు పని. మూసీ పొంగితే మీకు ముందు నీళ్లొచ్చేది గేటులోంచి కాదు, డ్రైనేజీ చాంబర్‌లోంచి వెనక్కి. కాబట్టి డ్రైనేజీ లైన్ బయటికి వెళ్లే చోట నాన్‌రిటర్న్ వాల్వు (నీళ్లను వెనక్కి రానివ్వనిది) పెట్టించి, ఏప్రిల్‌లో ఒకసారి తెరిచి చెత్త తీయండి. చెత్త అడ్డుపడ్డ వాల్వు మూసుకోదు. సంపు మూత నేలమట్టానికి ఉంటే చుట్టూ రెండడుగుల గోడ కట్టి పైకి లేపండి. లేదంటే మురుగు సంపులోకి దిగి తాగునీళ్లు పాడవుతాయి. సెల్లార్‌లో కరెంటు మీటర్ల బోర్డు ఉంటే అది పై అంతస్తుకు మార్చడం అన్నిటికంటే ముందు.

గ్రూపులో ఒకరికి డ్యూటీ వేయండి. జలమండలి (నగర నీటి బోర్డు) ఇచ్చే మట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో మాత్రమే టైముతో సహా పోస్ట్ చేయాలి. రెండింటి అవుట్‌ఫ్లో కలిపి చూడండి. గండిపేట మూసీలోకి, హిమాయత్‌సాగర్ ఈసీలోకి వదులుతాయి, మీ దగ్గర బాపూఘాట్‌లోనే అవి కలుస్తాయి.

లంగర్‌హౌజ్ వాసి

మీటర్ బోర్డు సెల్లార్‌లోనే ఉంది. రేపు ఆదివారం మీటింగులో మొదటి ఐటం అదే పెడుతున్నా. వాల్వు ఎన్ని అంగుళాలది పెట్టాలి, 6 అంగుళాల లైనుకు?

క్యూసెక్కుల లెక్క

లైను ఎంతో అంతే, 6 అంగుళాలది. తెరిచి శుభ్రం చేయడానికి పైన మూత ఉన్న రకమే తీసుకోండి, మూత లేనిదైతే మొదటిసారి ఇరుక్కున్నప్పుడు పైపు కోయాల్సి వస్తుంది. చాంబర్‌లో బిగించేటప్పుడు బాణం గుర్తు బయటివైపు ఉందో లేదో మీరే నిలబడి చూడండి.